లండన్‌లోని పాతకాలపు పబ్బుకు మొదటిసారి వెళ్లేవారికి సమగ్ర మార్గదర్శి

లండన్‌లో చదువుకుంటున్న విద్యార్థులు, కొత్తగా ఉద్యోగంలో చేరినవారు, పిల్లలను చూడడానికి వెళ్లిన తల్లిదండ్రులు పాతకాలపు పబ్బుల గురించి మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. కూర్చుని ఎంతసేపు ఎదురుచూసినా బల్ల దగ్గరికి ఎవరూ ఎందుకు రారు? మద్యం ముట్టనివారు వెళ్లవచ్చా? శాకాహారులకు ఏం దొరుకుతుంది? డబ్బు ఎప్పుడు కట్టాలి? ఆ ప్రశ్నలకు జవాబులను, పనులు జరిగే వరుసలోనే, కింద ఇస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా మధ్య లండన్‌లోనివే అయినా, కేంబ్రిడ్జ్‌లోని ఈగిల్‌కు, లీడ్స్‌లోని వైట్‌లాక్స్‌కు, లివర్‌పూల్‌లోని ఫిల్హార్మోనిక్‌కు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది.

హైదరాబాద్ జూబ్లీహిల్స్ పబ్బుల అలవాట్లను ఇక్కడ పక్కన పెట్టాలి. ప్రవేశ రుసుము, జంటలకే ప్రవేశం, డీజే, బల్లకు కనీస బిల్లు వంటివి పాతకాలపు ఇంగ్లిష్ పబ్బుల్లో మామూలుగా ఉండవు. ఇరుగుపొరుగువారు, ఆఫీసువాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటు అది. అక్కడ జరిగే పని అంతా బార్ కౌంటర్ దగ్గరే జరుగుతుంది. కౌంటర్ దగ్గరికి చేరేలోపే ఏం కావాలో తేల్చుకున్నవారికి ఇక ఇబ్బంది ఉండదు. కింద చెప్పిన వాటిలో సగానికి పైగా ఈ ఒక్క విషయానికి సంబంధించినవే.

1. పబ్బును ఎంచుకోవడం

పాత పేరు, పాత గోడ ఉన్నంత మాత్రాన లోపల కూడా పాతదే ఉంటుందని అనుకోకూడదు. బయటి కట్టడాన్ని అలాగే ఉంచి లోపలంతా మార్చేసిన పబ్బులు చాలా ఉన్నాయి. 1971లో ఏర్పడిన బీరు వినియోగదారుల సంఘం క్యామ్రా, లోపలి కౌంటర్లు, అడ్డుగోడలు, అద్దాలు చెడకుండా మిగిలిన పబ్బులకు ప్రత్యేకంగా ఒక జాబితా నిర్వహిస్తుంది. హిస్టారిక్ ఇంగ్లండ్ సంస్థ రక్షిత కట్టడాల జాబితా కూడా ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడవచ్చు. పబ్బు కోసం వెతికేవారికి మొదటిదే ఎక్కువ పనికివస్తుంది.

తర్వాత మీతో ఎవరు వస్తున్నారన్నది చూసుకోవాలి.

ఇద్దరు ముగ్గురైతే హై హోబర్న్ వీధిలోని ప్రిన్సెస్ లూయీస్ బాగుంటుంది. చెక్కతో, చిత్రాలు చెక్కిన గాజుతో చేసిన అడ్డుగోడలు కౌంటర్ చుట్టూ చిన్న చిన్న అరలుగా ఉంటాయి. ఆరుగురు వెళితే ఒక అరలో పట్టరు. మరుగుదొడ్లు నేలమాళిగలో ఉంటాయి.

కుటుంబంతో వెళ్లేవారికి, పెద్ద బృందానికి సదక్ (Southwark) ప్రాంతంలోని జార్జ్ ఇన్ నయం. పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ ఆస్తి అయిన ఈ పాత సత్రం ముందు విశాలమైన ముంగిలి, అందులో బల్లలు ఉంటాయి. ఎండ ఉన్న రోజున పిల్లలతో కూర్చోవడానికి ఇబ్బంది ఉండదు.

చలికాలపు మధ్యాహ్నానికి ఫ్లీట్ స్ట్రీట్‌లోని ఓల్డ్ చెషైర్ చీజ్‌ను ఎంచుకోవచ్చు. 1666 నాటి లండన్ మహా అగ్నిప్రమాదం తర్వాత 1667లో తిరిగి కట్టిన ఈ పబ్బు ద్వారం పెద్ద వీధి మీద ఉండదు. పక్కనున్న వైన్ ఆఫీస్ కోర్ట్ అనే సందులోకి తిరగాలి. లోపల వెలుతురు తక్కువ, గదులు ఎక్కువ, కింది అరలకు వెళ్లే మెట్లు ఇరుకు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవారిని తీసుకువెళితే నేల అంతస్తు గదుల్లోనే కూర్చోబెట్టడం మంచిది.

బ్లాక్‌ఫ్రయర్స్ స్టేషన్ ఎదుట ఉన్న బ్లాక్ ఫ్రయర్‌లో సన్యాసుల శిల్పాలు, చలువరాయి పనితనం గోడల నిండా ఉంటాయి. అక్కడి నుంచి చెషైర్ చీజ్‌కు నడక దాదాపు 10 నిమిషాలు. ఒక మధ్యాహ్నానికి ఈ రెండూ చాలు. మూడో పబ్బును చేర్చితే దేనిలోనూ స్థిమితంగా కూర్చోలేరు.

2. రోజు, వేళ నిర్ణయించుకోవడం

మొదటిసారి వెళ్లేవారికి సోమవారం నుంచి బుధవారం వరకు, మధ్యాహ్నం 2.30 నుంచి 4.30 మధ్య సమయం అన్నిటికంటే అనువైనది. భోజనానికి వచ్చినవారు వెళ్లిపోయి ఉంటారు, ఆఫీసులు ఇంకా వదలవు, కౌంటర్‌లో ఉన్నవారికి మీ ప్రశ్నలకు జవాబు చెప్పే తీరిక ఉంటుంది. గురు, శుక్రవారాల్లో సాయంత్రం 5 దాటాక జనం పేవ్‌మెంట్ మీదికి కూడా వచ్చి నిలబడతారు. గదులు చూడడం కోసం వెళ్లేవారికి అది పనికిరాని వేళ.

చాలామంది మరిచిపోయే విషయం మరొకటి ఉంది. సిటీ ఆఫ్ లండన్ (మొత్తం నగరం కాదు, దాని నడిబొడ్డున ఉన్న పాత భాగం) ఆఫీసుల ప్రాంతం కాబట్టి అక్కడి పబ్బులు కొన్ని వారాంతంలో మూసి ఉంటాయి. ఆ ప్రాంతపు అంచున, హాటన్ గార్డెన్ దగ్గర సన్నని సందులో ఉన్న ఓల్డ్ మైటర్ సాధారణంగా శని, ఆదివారాల్లో తెరవదు. శనివారం కుటుంబంతో బయల్దేరేవారు ఆ రోజు వేళలను పబ్బు వెబ్‌సైట్‌లో చూసుకుని మరీ వెళ్లాలి.

పబ్బు తెరిచి ఉన్నంత మాత్రాన వంటగది తెరిచి ఉన్నట్టు కాదు. మధ్యాహ్న భోజనం 2.30, 3 గంటలకు ఆగిపోయి, సాయంత్రం 6 గంటల ప్రాంతంలో మళ్లీ మొదలయ్యే చోట్లు ఉన్నాయి. భోజనం కూడా ముఖ్యమైతే 12 గంటలకే చేరుకోవాలి, లేదా బల్ల ముందుగా బుక్ చేసుకోవాలి.

3. బయల్దేరే ముందు చూసుకోవలసినవి

ఇంగ్లండ్‌లో 18 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. అయితే 25 ఏళ్ల కంటే చిన్నగా కనిపించే ఎవరినైనా వయసు రుజువు అడిగే పద్ధతిని చాలా పబ్బులు పాటిస్తాయి. ముప్పై దాటినా చిన్నగా కనిపించేవారిని అడగవచ్చు. అందులో అవమానం ఏమీ లేదు. ఆధార్, పాన్, కాలేజీ గుర్తింపు కార్డు పనికిరావనే అనుకుని వెళ్లాలి. ఫోన్‌లోని పాస్‌పోర్ట్ ఫోటోను కూడా నమ్ముకోకూడదు. పాస్‌పోర్ట్ వెంట తిప్పడం ఇష్టం లేని విద్యార్థులు, అర్హత ఉంటే, బ్రిటిష్ ప్రొవిజనల్ (నేర్చుకునేవారి) డ్రైవింగ్ లైసెన్సు తీసుకుంటే ఈ బెడద తీరుతుంది.

పిల్లలను రానివ్వడం ఆయా పబ్బుల ఇష్టం. పెద్దలతో వస్తే పగటిపూట అనుమతించి, రాత్రి 8, 9 గంటల తర్వాత వద్దనే చోట్లు ఎక్కువ. 18 నిండని పిల్లల కోసం పెద్దలు మద్యం కొనడం నేరం. భోజనంతో పాటు, పెద్దలు వెంట ఉండి కొనిస్తే 16, 17 ఏళ్లవారు బీరు, వైన్, సైడర్ (ఆపిల్ మద్యం) తాగవచ్చన్న మినహాయింపు చట్టంలో ఉన్నా, చాలా పబ్బులు దానికి ఒప్పుకోవు.

జేబులో, మనసులో ఉంచుకోవలసినవి:

☐ వయసు రుజువు చేసే అసలు పత్రం
☐ బ్యాంకు కార్డు. కొన్ని చోట్ల నగదు తీసుకోరు
☐ ఆ రోజు పబ్బు వేళలు, వంటగది వేళలు
☐ మెనూ ఆన్‌లైన్‌లో ఉంటే, తినదగినవి రెండు ముందే ఎంచి పెట్టుకోవడం
☐ పిల్లల ప్రవేశం, మెట్లు, మరుగుదొడ్ల సంగతి
☐ కుక్కలంటే భయం ఉన్నవారు వెంట ఉంటే ముందుగా చెప్పి ఉంచడం. చాలా పబ్బుల్లో యజమానుల కాళ్ల దగ్గర కుక్కలు పడుకుని ఉంటాయి

సంచిలో పులిహోర డబ్బా ఉంటే అది సంచిలోనే ఉండాలి. బయటి తిండి, బయటి పానీయం లోపల తెరవడం మర్యాద కాదు, అనుమతి కూడా ఉండదు.

4. లోపలికి వెళ్లాక మొదటి రెండు నిమిషాలు

గుమ్మం దగ్గర నిలబడి ఎవరైనా వచ్చి కూర్చోబెడతారని ఎదురుచూడవద్దు. "దయచేసి ఇక్కడ వేచి ఉండండి" అన్న బోర్డు ఉంటే తప్ప నేరుగా లోపలికి నడవాలి.

మొదట ఖాళీ బల్ల చూసుకోవాలి. రిజర్వుడ్ అన్న చీటీ ఉంటే దాని మీది సమయం చదవండి. ఆ సమయానికి ఇంకా గంటన్నర ఉంటే కూర్చోవచ్చా అని కౌంటర్‌లో అడగవచ్చు. గ్లాసు మీద అట్ట బిళ్ల కప్పి ఉంటే ఆ మనిషి తిరిగి వస్తున్నాడని అర్థం. పెద్ద బల్ల దగ్గర ఒక్కరే ఉంటే "ఈజ్ ఎనీవన్ సిట్టింగ్ హియర్?" అని అడిగి కూర్చోవచ్చు. కౌంటర్ చివర ఎత్తు కుర్చీలు రోజూ వచ్చేవారివి కావడం తరచుగా జరుగుతుంది. అక్కడ కూర్చోకూడదన్న నియమం లేదు గాని, మొదటిరోజు వాటిని వదిలేయడమే నయం.

బల్లకు అంకె ఉందేమో చూసి గుర్తుపెట్టుకోండి. భోజనం చెప్పేటప్పుడు మొదట అడిగేది అదే.

ఒకరు బల్ల దగ్గర ఉండాలి, ఒకరు కౌంటర్ దగ్గరికి వెళ్లాలి. ఐదుగురూ కలిసి కౌంటర్ మీద పడకూడదు.

5. కౌంటర్ దగ్గర

పాత పబ్బుల్లో వరుస కంటికి కనిపించదు, కాని ఉంటుంది. జనం కౌంటర్ పొడవునా నిలబడతారు. తమకంటే ముందు ఎవరు వచ్చారో ప్రతి ఒక్కరికీ తెలుసు, కౌంటర్ వెనుక ఉన్నవారికీ చాలా వరకు తెలుసు. మీరు చేరగానే అప్పటికే నిలబడి ఉన్నవారిని ఒకసారి చూసి గుర్తుపెట్టుకోండి. వారి వంతు రాకముందే మిమ్మల్ని అడిగితే "దే వర్ బిఫోర్ మీ" అని చెప్పండి. ఆ ఒక్క మాటతో అక్కడ మీకు దొరికే గౌరవం ఎంత ఖర్చు పెట్టినా దొరకదు. ఇటీవల కొన్ని పబ్బుల్లో జనం ఒకరి వెనుక ఒకరు నిలబడుతున్నారు. అలా కనిపిస్తే మీరూ వెనుక చేరండి, వాదన వద్దు.

చిటికెలు వేయడం, నోటు ఊపడం, "హలో" అని పిలవడం, ఈల వేయడం కూడదు. ఖాళీ ఉన్న చోట కౌంటర్‌కు ఎదురుగా నిలబడి, పనిచేసేవారి కళ్లలోకి చూస్తే చాలు. వారు తల ఊపితే మీరు లెక్కలో ఉన్నట్టే.

మీ వంతు వచ్చాక వరుస ఇలా ఉండాలి:

మొదట గిన్నిస్ అనే నల్లని బీరు వంటి నిదానంగా నిండే పానీయం చెప్పండి. అది స్థిరపడేలోగా మిగతావి వస్తాయి.
తర్వాత మిగిలిన పానీయాలన్నీ ఒకేసారి చెప్పండి. ఒకటి తెచ్చాక మరొకటి గుర్తు చేసుకోవడం వెనుక ఉన్నవారికి శిక్ష.
ఆ తర్వాత భోజనం, బల్ల అంకె.
చివరగా కార్డు. ప్రతిసారీ అప్పటికప్పుడే చెల్లించడం పద్ధతి. తర్వాత కలిపి కట్టాలనుకుంటే "కెన్ ఐ స్టార్ట్ ఎ ట్యాబ్?" అని అడగాలి, కార్డు అడిగి ఉంచుకోవచ్చు.

మధ్య లండన్‌లో ఒక పైంట్ (పెద్ద గ్లాసు) బీరు ధర 6 పౌండ్లు దాటడం మామూలే. కౌంటర్ దగ్గర టిప్ ఇవ్వనవసరం లేదు. బాగా చూసుకున్నారనిపిస్తే "అండ్ వన్ ఫర్ యువర్‌సెల్ఫ్" అనవచ్చు. వారు ఒక చిన్న పానీయం ధర మీ బిల్లులో కలుపుకుంటారు, లేదా మర్యాదగా వద్దంటారు. బల్ల దగ్గరికి వడ్డించే భోజనశాల గదుల్లో మాత్రం బిల్లులో సేవా రుసుము కలిపి ఉందో లేదో చూసుకోండి.

6. ఏం అడగాలి

బీరుకు కొలతలు చట్టప్రకారం నిర్ణయించినవి. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు, హాఫ్ అంటే 284. హాఫ్ అడగడం చిన్నతనం కాదు. రెండు మూడు రకాలు రుచి చూడాలనుకునేవారికి అదే తెలివైన పని. వైన్ 125, 175, 250 మిల్లీలీటర్లలో వస్తుంది; ఎంతో చెప్పకుండా గ్లాసు అంటే పెద్దదే రావచ్చు. విస్కీ, జిన్ వంటివాటికి మన పెగ్గు లెక్క చెల్లదు. అక్కడ సింగిల్ అంటే 25 లేదా 35 మిల్లీలీటర్లు; ఆ పబ్బు ఏ కొలత పాటిస్తుందో బోర్డు మీద ఉంటుంది.

పాత పబ్బుకు వెళ్లి లాగర్ (చల్లగా ఇచ్చే మామూలు బీరు) తాగి రావడంలో తప్పు లేదు గాని, కౌంటర్ మీద పొడవైన చేతి పంపులు ఉన్నాయంటే అక్కడ కాస్క్ ఏల్ దొరుకుతుంది. అది పీపాలోనే రెండోసారి పులిసి, బయటి గ్యాస్ కలపకుండా, నేలమాళిగ నుంచి చేత్తో లాగి పోసే బీరు. 11 నుంచి 13 డిగ్రీల సెల్సియస్ దగ్గర పోస్తారు. మన దగ్గర మంచులో పెట్టి ఇచ్చే సీసాకు అలవాటుపడినవారికి వెచ్చగా, నురగ తక్కువగా అనిపిస్తుంది. అది లోపం కాదు. బిట్టర్ అనే కాస్త చేదు ఏల్ రకాల్లో ఆల్కహాల్ మామూలుగా 4 శాతం అటూ ఇటూ ఉంటుంది, అంటే మన స్ట్రాంగ్ బీర్లలో దాదాపు సగం.

ఒకసారి తెరిచిన పీపా మూడు రోజుల్లో అయిపోవాలి, లేకపోతే రుచి పోతుంది. అందుకే జనం లేని పబ్బులో ఎనిమిది పంపులు కనిపిస్తే నేను అనుమానిస్తాను. మూడు పంపులుండి జనం ఉన్న చోటును నమ్ముతాను. పంపు మీది బిళ్ల వెనక్కి తిప్పి ఉంటే ఆ రకం అయిపోయిందని అర్థం. తీరిక వేళలో "కుడ్ ఐ ట్రై ఎ టేస్ట్?" అని అడిగితే చిన్న గ్లాసులో కొద్దిగా పోసి ఇస్తారు. రెండు రుచులు చాలు.

సామ్యూల్ స్మిత్ అనే బీరు తయారీ కంపెనీ పబ్బులైన ప్రిన్సెస్ లూయీస్, చెషైర్ చీజ్‌లలో ఆ కంపెనీ సొంత పానీయాలే ఉంటాయి. తెలిసిన బ్రాండ్ పేరు చెప్పి లేదనిపించుకోవడం కంటే "లాగర్", "బిట్టర్", "స్టౌట్" (నల్లని బీరు) అని రకం చెప్పడం మంచిది. సంగీతం, టీవీ ఉండవు. తన పబ్బుల్లో ఫోన్ వాడకూడదని 2019లో ఆ కంపెనీ నియమం పెట్టింది. అమలు చోటును బట్టి మారినా, అక్కడ వీడియో కాల్ చేసి ఊళ్లో ఉన్న అత్తమామలకు గదులు చూపించాలన్న ఆలోచన మానుకోవాలి.

7. మద్యం ముట్టనివారికి

వెళ్లవచ్చు, ఎవరూ ఎందుకని అడగరు. లైమ్ అండ్ సోడా అన్నిటికంటే చవక, ఎక్కడైనా దొరుకుతుంది. ఆరెంజ్ జ్యూస్‌లో లెమనేడ్ కలిపి ఇవ్వమనవచ్చు. ఆల్కహాల్ లేని బీరు కూడా చాలా పబ్బుల్లో ఉంటుంది. తాగునీరు ఉచితంగా ఇవ్వడం లైసెన్సు షరతు. "ట్యాప్ వాటర్" అని అడగండి. అయితే కుటుంబమంతా నీళ్లతోనే గంటసేపు బల్ల ఆక్రమించుకోవడం బాగుండదు.

మూడు చోట్ల జాగ్రత్త అవసరం. ఇంగ్లండ్‌లో సైడర్ ఆపిల్ రసం కాదు, మద్యమే. శాండీ అంటే బీరులో లెమనేడ్ కలిపినది. జింజర్ బీర్ ఎక్కువగా మద్యం లేనిదే అయినా, మద్యం ఉన్న రకాలూ ఉన్నాయి కాబట్టి అడగాలి. లెమనేడ్ మాత్రం నిమ్మరసం కాదు, గ్యాస్ ఉన్న తీపి పానీయం.

8. శాకాహారులు, గొడ్డుమాంసం, పందిమాంసం తిననివారు

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి.

మెనూలో మాంసం పేరు లేకపోయినా మాంసపు కొవ్వు ఉండవచ్చు. బంగాళాదుంప చిప్స్‌ను కొన్ని చోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు. నూనెలో వేయించినా, అదే మూకుడులో చేప వేగి ఉండవచ్చు. ఆదివారపు రోస్ట్ (కాల్చిన మాంసం, కూరగాయల భోజనం)తో వచ్చే గ్రేవీ మాంసపు రసంతో చేసినది కావచ్చు. ఆ రోస్ట్‌తోనే ఇచ్చే పిండి వంటకం యార్క్‌షైర్ పుడ్డింగ్‌లో గుడ్డు తప్పక ఉంటుంది, కొవ్వు కూడా ఉండవచ్చు. 'పై' (pie) అనే వంటకం పిండిలో, ఆవిరి పుడ్డింగ్‌లలో సూయెట్ అన్న మాట కనిపిస్తే అది పశువు కొవ్వేమో అడగాలి. మొక్కల నుంచి చేసేదీ ఉంది. వుస్టర్ సాస్‌లో సాధారణంగా చిన్న చేపలు ఉంటాయి, దాన్ని చీజ్ టోస్ట్ మీద కూడా చల్లుతారు.

గుడ్డు తినేవారిని ఎక్కువగా మోసగించేది స్కాచ్ ఎగ్. గుడ్డు చుట్టూ ఉండేది పందిమాంసం. కౌంటర్ వెనుక వేలాడే పోర్క్ స్క్రాచింగ్స్ పంది చర్మపు వేపుడు. పక్కనే ఉండే క్రిస్ప్స్ మన చిప్స్ లాంటివే. ప్యాకెట్ మీద శాకాహార గుర్తు చూసుకుంటే చాలు.

నమ్మకంగా అడగగలిగినది ప్లౌమన్స్ లంచ్: రొట్టె, చీజ్, పచ్చడి, ఉల్లి, కొన్ని కూరగాయలు. హామ్ పెట్టే చోట్లు ఉన్నాయి కాబట్టి "నో హామ్, ప్లీజ్" అని చెప్పాలి. జంతు రెనెట్ (పాలను గడ్డకట్టించే పదార్థం)తో చేసిన చీజ్ తిననివారు అది కూడా అడగాలి. ఆదివారం నట్ రోస్ట్ (మాంసానికి బదులు గింజలతో చేసేది) ఉంటే వెజిటబుల్ గ్రేవీ ఇవ్వమనాలి. 14 రకాల అలర్జీ పదార్థాల సమాచారం అడిగినవారికి ఇవ్వడం చట్టబద్ధమైన బాధ్యత కాబట్టి, చేప, గుడ్డు, పాలు వంటివాటి గురించి పట్టిక చూపించమనడానికి మొహమాటపడవద్దు. కొవ్వు సంగతి మాత్రం ఆ పట్టికలో ఉండదు, విడిగా అడగాలి.

బీరు కూడా శాకాహారమేనని అనుకోవద్దు. కాస్క్ ఏల్‌ను తేటపరచడానికి చాలామంది ఐసింగ్లాస్ వాడతారు. అది చేపల గాలితిత్తి నుంచి తీసేది. సామ్యూల్ స్మిత్ సీసా బీర్లలో చాలావాటికి వీగన్ సొసైటీ గుర్తింపు ఉంది, పీపా నుంచి వచ్చే ఓల్డ్ బ్రూవరీ బిట్టర్‌కు లేదు. గిన్నిస్‌లో ఇప్పుడు ఐసింగ్లాస్ వాడడం లేదు.

9. సహోద్యోగులతో వెళితే: రౌండ్ల పద్ధతి

బృందంలో ఒకరు అందరికీ కొంటారు, తర్వాతిసారి మరొకరు. మీ గ్లాసు సగం ఉండగానే ఎవరో లేచి "ఏం కావాలి?" అంటే అది ఆతిథ్యం మాత్రమే కాదు, మీ వంతు కూడా వస్తుంది. మద్యం తాగనివారు కూడా నిమ్మసోడా తీసుకుని తమ వంతు కొనాలి, లేదా మొదటే "ఐ విల్ గెట్ మై ఓన్, థాంక్స్" అని తప్పుకోవాలి. మూడు రౌండ్లు తాగి తన వంతు రాకముందే కోటు తొడుక్కునేవారి పేరు ఆఫీసులో చాలాకాలం గుర్తుంటుంది. నలుగురిని మించిన బృందమైతే ఇద్దరిద్దరుగా కొనుక్కోవడం జేబుకూ ఆరోగ్యానికీ మంచిది. 4 శాతం బీరు ఒక పైంట్‌లో 2.3 యూనిట్ల (యూనిట్ అంటే 10 మిల్లీలీటర్ల స్వచ్ఛమైన ఆల్కహాల్) ఆల్కహాల్ ఉంటుంది, వారానికి 14 మించవద్దని బ్రిటన్ వైద్య సలహా.

10. పొరపాట్లు, సవరణలు

గ్లాసులో నురగ మరీ ఎక్కువగా ఉంటే: కౌంటర్ వదలకముందే "కుడ్ యు టాప్ దట్ అప్, ప్లీజ్?" అనండి. పోస్తారు.

బీరు పుల్లగా, వెనిగర్ వాసనతో ఉంటే: రెండు గుక్కలకు మించి తాగకుండా తీసుకువెళ్లి చూపించండి. మంచి పబ్బులో మార్చి ఇస్తారు. సగం తాగాక ఫిర్యాదు చేస్తే రుచి నచ్చలేదని అనుకుంటారు.

మీ వంతు దాటిపోతే: గొంతు పెంచవద్దు. పక్కవారికి వడ్డించడం అయ్యాక "ఐ థింక్ ఐ యామ్ నెక్స్ట్" అంటే సరిపోతుంది.

బల్లలు కలపాలనిపిస్తే: అడగకుండా జరపవద్దు. పాత గదుల్లో అవి దారికి అడ్డమవుతాయి, బల్ల అంకెలు తారుమారవుతాయి.

ఫోటోలు: ఖాళీ గదిని, పైకప్పును ఫ్లాష్ లేకుండా తీసుకోవచ్చు. మనుషులు పడితే వారిని అడగాలి. ఫోన్ నిషేధించిన చోట ఫోటో కూడా అడిగే తీయాలి.

మాటల స్థాయి: నలుగురు తెలుగువాళ్లం కలిస్తే గొంతు పెరుగుతుంది. సంగీతం లేని గదిలో అది చివరి బల్ల దాకా వినిపిస్తుంది.

11. వెళ్లేటప్పుడు

ఖాళీ గ్లాసులు కౌంటర్ మీద పెట్టి "చీర్స్, థాంక్యూ" అని చెప్పి వెళ్లడం అక్కడివారు గమనించే మర్యాద. రాత్రి గంట మొదటిసారి మోగితే చివరి ఆర్డర్లకు పిలుపు. కావాలంటే అప్పుడే లేవాలి. రెండోసారి మోగాక కౌంటర్ దగ్గరికి వెళ్లి అడగకూడదు. మిగిలినది తాగడానికి 20 నిమిషాల వరకు వ్యవధి ఇవ్వడం వాడుక. చాలా పాత పబ్బులు రాత్రి 11కి, ఆదివారం 10.30కి మూస్తాయి, 2003 లైసెన్సింగ్ చట్టం వచ్చాక వేళలు చోటును బట్టి మారుతున్నాయి.

పొగ తాగేవారు 2007 జూలై 1 నుంచి బయటే తాగాలి. గ్లాసు పట్టుకుని ఎంత దూరం నిలబడవచ్చో గోడ మీది బోర్డు చెబుతుంది. ఆ గీత దాటి గాజు గ్లాసు తీసుకువెళ్లవద్దు. లండన్ బస్సుల్లో, ట్యూబ్‌లో మద్యం తాగడం, మూత తెరిచిన మద్యం సీసా పట్టుకుని ఎక్కడం 2008 జూన్ నుంచి నిషిద్ధం. కాబట్టి దారిలో తాగుదామని కొన్న డబ్బా ఇంటికి చేరాకే తెరవాలి.